కంచె లోపలి నేల

సైట్లలో అందరూ ఆమెను గీతలమ్మ అనేవారు. మొదట్లో ఎగతాళికి పెట్టిన పేరే. తర్వాత తర్వాత అసలు పేరు ఆఫీసు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా వినపడకుండా పోయింది.

భవనాల చుట్టూ మిగిలే నేలకు రూపం ఇవ్వడం ఆమె పని. తోటలు, నడకదారులు, మెట్లు, వాననీటి కాలువలు, అన్నింటికీ నిర్మాణ డ్రాయింగులు తయారుచేసే ఆఫీసులో ఆమె సీనియర్. ఏ దారి ఎటు వాలాలో, ఏ మెట్టు కింద ఎంత కంకర పడాలో, ఏ మొక్కకు ఎంత లోతు గొయ్యి కావాలో కాగితం మీదే తేలిపోవాలి. "నేను పక్కనుండి చెప్పాల్సి వస్తే అది డ్రాయింగే కాదు" అనేది. కొత్తగా చేరినవాళ్లు ఏదైనా వివరం వదిలేసి "సైట్లో చూసుకుంటార్లెండి" అంటే చాలు, ఆమెకు ఒళ్లు మండేది.

మిగతావాళ్ల డ్రాయింగుల కట్టలో, ఉన్న చెట్లను కాపాడే షీటు ఎక్కడో అడుగున ఉంటుంది. ఆమె కట్టలో అదే మొదటిది. పునాది తవ్వకముందే, ఇసుక లారీ గేటు దాటకముందే చెట్టు చుట్టూ కంచె పడాలి. కాండాన్ని ఆనుకుని నాలుగు కర్రలు పాతితే చాలదు. కొమ్మలు ఎంతమేర పరుచుకున్నాయో అంతకంటే బయటికి ఉండాలి. ఆ లోపల తవ్వకూడదు, ఇటుకలు పేర్చకూడదు, సిమెంటు తొట్లు కడగకూడదు, బండి తిప్పకూడదు. వేళ్లు పాతాళానికి పోవు, పై మట్టిలోనే ఊపిరి పీల్చుకుంటాయి. బరువు పడితే ఆ మట్టి బిగుసుకుపోతుంది, చెట్టుకు గొంతు నులిమినట్టే. ఈ మాటలు చెప్పీ చెప్పీ ఆమెకే విసుగొచ్చేది గానీ మానేది కాదు.

ఆమెకు ఒక్కడే తమ్ముడు. నాన్న ముందు పోయాడు. అమ్మ పోయేనాటికి వీడింకా చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకునే వయసులో ఉన్నాడు. స్నానం చేయించడం, బడికి దింపడం, జ్వరమొస్తే తలాపున కూర్చోవడం అన్నీ అక్కే. ఎవరైనా పెళ్లి మాట ఎత్తితే "ముందు వీడి చదువు కానీండి" అనేది. చదువయ్యాక ఉద్యోగం కానీండి అంది. ఉద్యోగమయ్యాక వాడికే పెళ్లి చేసింది. ఆ తర్వాత ఆమెను అడిగేవాళ్లే లేకుండా పోయారు.

తమ్ముడు ఒక నిర్మాణ కంపెనీలో సైట్ ఇంజినీరు. కింద అక్క, పైన తమ్ముడి సంసారం. మరదలికి వదినంటే భయం లేదు, చనువే. మేనకోడలు సగం రోజులు కింద అత్త మంచం మీదే నిద్రపోయేది. రాత్రి భోజనాలు అందరూ కలిసే చేసేవారు, అక్కాతమ్ముళ్ల వాదన లేనిదే ముద్ద దిగేది కాదు.

"గీయడానికేం అక్కా, కూర్చుని చేసే పని. ఓసారి పలుగు పట్టుకుని చూడు, తెలుస్తుంది."

"పలుగు పట్టుకునేవాడికి ఎక్కడ పట్టుకోవాలో నేనేగా చెప్పేది!"

"అబ్బబ్బ, ఇద్దరూ ముందు తినండి. కూర చల్లారిపోతోంది" అనేది మరదలు.

అలాంటి రోజుల్లోనే ఆసుపత్రి పని వచ్చింది. పాత ఆసుపత్రి పక్కన కొత్త భవనం కట్టాలి. ఆవరణ డ్రాయింగులు ఆమె ఆఫీసుకు, కట్టడం తమ్ముడి కంపెనీకి దక్కాయి. ఒకే సైట్లో ఇద్దరూ! ఆమె ఆనందానికి పట్టపగ్గాల్లేవు. మరదలి దగ్గర చిన్నపిల్లలా "చూడు, ఇప్పుడు వాడు నా మాట వినక చస్తాడా" అని మురిసిపోయింది.

పాత, కొత్త భవనాల మధ్య ఒక నిద్రగన్నేరు చెట్టు ఉంది. మహావృక్షం. ఆవరణ సగానికి గొడుగు పట్టినట్టుండేది. లోపల ఆపరేషన్ జరుగుతుంటే బయట ఎదురుచూసేవాళ్లు, చీటీ పట్టుకుని పిలుపు కోసం కాచుకున్నవాళ్లు, ఏడవడానికి చోటు దొరకనివాళ్లు ఆ నీడలో బెంచీల మీద కూర్చునేవారు. కొత్త భవనాన్ని పక్కకు జరిపించి మరీ ఆ చెట్టును ఉంచేలా ఆమే పట్టుబట్టింది.

కంచె వేసేటప్పుడు దగ్గరుండి మేకులు కొట్టించింది. తమ్ముడు నెత్తి పట్టుకున్నాడు.

"సైటంతా నీ చెట్టే తినేసింది. నా ఇసుక ఎక్కడ పోయించను, నీ నెత్తిన పోయించనా?"

"పోయించు నాన్నా, నేను భరిస్తా. వేళ్లు భరించలేవు."

గొణిగినా కంచె మాత్రం పక్కాగా వేయించాడు. ఇనుప గొట్టాలు, జాలీ, అడుగున సిమెంటు దిమ్మెలు. ఒకసారి ఎవరో కూలీ కంచె సందులోంచి సున్నపు నీళ్లు పారబోస్తే "మా అక్క చూస్తే నిన్నూ నన్నూ కలిపి పాతేస్తుంది" అని కేకలేశాడట. ఆ మాట విని ఆమె ఇంటికొచ్చి వాడికిష్టమైనవన్నీ వండింది.

భవనం లేచింది. చివరికి చిక్కు వాననీటి గొట్టం దగ్గర వచ్చింది. చెట్టును తప్పించి చుట్టూ తిప్పి తీసుకెళ్లాలని డ్రాయింగు. ఆ దారిలో తవ్వితే బండ తగిలింది. బండ కొట్టాలంటే చాలా రోజులు పట్టేట్టుంది. ప్రారంభోత్సవం తేదీ అప్పటికే ప్రకటించేశారు. కంపెనీ మేనేజరు పొద్దున లేస్తే ఫోను, పడుకునేముందు ఫోను. సరిగ్గా అప్పుడు ఆమె వేరే ఊళ్లో ఇంకో సైటు పని మీద ఉంది.

తిరిగొచ్చిన మర్నాడు ఉదయం ఆసుపత్రికి వెళ్లింది. కంచె ఉన్నచోటే ఉంది. లోపలికి రావద్దని రాసి తగిలించిన బోర్డు కూడా ఉంది. లోపలి నేల మాత్రం మారిపోయింది. ఏళ్లతరబడి రాలిన ఆకు మెత్తగా పరుచుకుని ఉండే చోట, ఒక పట్టీ మేర ఎర్రమట్టి కనపడింది. అది కాండానికి దగ్గరగా, ఈ చివరి నుంచి ఆ చివరికి, తిన్నగా సాగింది. వెనక చెత్తకుప్ప దగ్గరికి వెళ్లింది. విరిగిన ఇటుకల మధ్య, మనిషి తొడంత లావున్న వేరు ముక్కలు కనిపించాయి. యంత్రం పళ్లు పీకిన గాట్లు ఇంకా తెల్లగా ఉన్నాయి.

తమ్ముడు కొత్త భవనం వరండాలో కనపడ్డాడు. అక్క ముఖం చూడగానే వాడికి అర్థమైపోయింది.

"గొట్టం కొంచెం అటుగా వెళ్లింది అక్కా."

"కొంచెమా?"

"బండ తగిలింది. ఏం చేయమంటావు?"

"నాకు ఫోను చేయాల్సింది కదరా! వేళ్ల కింద నుంచి చేత్తో తవ్వించి పంపించేవాళ్లం. దానికీ దారుంది."

"చేస్తే నువ్వు వద్దంటావని తెలుసు. అందుకే చేయలేదు. అక్కడ మేనేజరు నా పీక మీద కూర్చున్నాడు. నోటిమాటగా కానిచ్చేయమన్నాడు, కానిచ్చేశాను." తర్వాత గొంతు తగ్గించాడు. "పచ్చగానే ఉందిగా అక్కా. ఏం కాదులే."

"పచ్చగానే ఉంటుంది. ఒకవైపు పట్టు లేకుండా పచ్చగా ఉంటుంది. రేపు గాలివాన వస్తే ఎవరి మీద పడుతుందో నీకు తెలుసా? కింద రోజూ ఎంతమంది కూర్చుంటారో చూశావుగా."

వాడు వరండా స్తంభానికి అంటిన సిమెంటును గోటితో గీకాడు.

"నువ్వే చెప్పెయ్ నాన్నా. ఇలా జరిగిందని మీ కంపెనీ చేత ఆసుపత్రివాళ్లకు చెప్పించు. నేను పక్కనుంటా."

"చూద్దాంలే" అన్నాడు.

ఆమె ఎదురుచూసింది. భోజనాల దగ్గర వాడి ముఖం చూసేది, వాడు కంచం చూసేవాడు. మరదలికి ఏమీ తెలియక ఇద్దరికీ వడ్డించి ఇద్దరి వంకా చూసేది. మబ్బులు పట్టడం మొదలైంది. ఒక సాయంత్రం గాలి విసిరితే ఆమె పనులన్నీ వదిలేసి ఆసుపత్రికి పరిగెత్తింది. చెట్టు కింద ఒక ముసలాయన చంటిబిడ్డను ఒళ్లో పడుకోబెట్టుకుని కూర్చున్నాడు. "లోపల కూర్చోండి తాతగారూ" అంటే "లోపల ఉక్కపోతగా ఉందమ్మా, బిడ్డ ఏడుస్తోంది" అన్నాడు. బతిమాలి లోపలికి పంపింది.

మర్నాడు ఆఫీసులో కూర్చుని తనిఖీ నివేదిక రాసింది. తవ్వకం ఎక్కడ జరిగిందో, ఏ వైపు వేళ్లు తెగాయో గీసి చూపించింది. తమ్ముడి పేరు ఎత్తలేదు. చెట్టు కిందికి ఎవరినీ రానివ్వొద్దని, కొమ్మల బరువు తగ్గించి ఆసరాలు నిలబెడితే నిలుస్తుందని, చెట్ల నిపుణుణ్ణి పిలిపించమని రాసింది. ఇంటికొచ్చి తమ్ముడికి తానే చెప్పింది.

వాడు గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు.

"ఇచ్చేశావా?"

"ఇచ్చేశాను."

"ఒక్కమాట... ఒక్కసారి నన్ను మళ్లీ అడగొచ్చుగా అక్కా."

ఆమె రోజూ కళ్లతో అడుగుతూనే ఉన్నాననుకుంది. నోటితో మళ్లీ అడగలేదన్నది నిజమే.

కంపెనీ తేలిగ్గా చేతులు దులిపేసుకుంది. మేనేజరు తానేమీ అననేలేదన్నాడు. మా అనుమతి లేకుండా సైట్ ఇంజినీరు సొంతంగా చేసిన పని అని రాసిచ్చి, తమ్ముణ్ణి ఉద్యోగంలోంచి తీసేశారు. ఆమె పరుగున వెళ్లి మేనేజర్ని కలిసింది. "మీరు రాసిందే కదండీ మేం నమ్మాం" అన్నాడతను, మర్యాదగా కుర్చీ చూపిస్తూ.

ఆసుపత్రివాళ్లు ఆమె నివేదికలో ప్రమాదం అన్న మాట ఒక్కటే చదివారు. ఆసరాలు, నిపుణుడు, ఓపిక, అదంతా ఎవరికి కావాలి? చెట్టు కొట్టేయమని ఆదేశం వచ్చింది. ఆమె సూపరింటెండెంటు గది ముందు నిలబడి కాళ్లావేళ్లా పడింది. "మీరే అన్నారు కదమ్మా పడిపోతుందని. రేపు ఎవరికైనా ఏమైనా అయితే మీరొచ్చి సమాధానం చెబుతారా?" అన్నాడాయన. ఆయన తప్పేమీ లేదు. ఆ స్థానంలో ఉంటే ఎవరైనా అదే అంటారు.

కొట్టే రోజు వెళ్లింది. వెళ్లకుండా ఉండాల్సింది. కొమ్మలు ఒక్కొక్కటే తాళ్లతో దించుతుంటే ఎండ ఆవరణలోకి దిగుతూ వచ్చింది. రోగి తాలూకు మనిషి ఒకామె చెయ్యి అడ్డం పెట్టుకుని "ఉన్న ఒక్క నీడా ఎందుకమ్మా తీసేస్తున్నారు?" అని ఆమెనే అడిగింది. గీతలమ్మ ఆమె చెయ్యి పట్టుకుని వరండా నీడలోకి తీసుకెళ్లింది.

ఇంటికి చేరేసరికి వాకిట్లో లారీ ఉంది. బీరువా, మంచాలు ఎక్కించేశారు. తమ్ముడు తాళ్లు బిగిస్తున్నాడు.

"ఎక్కడికిరా?"

వాడు తిరిగి చూడలేదు. "నీ చెట్టు కోసం నన్ను నరికేశావు. చివరికి అదైనా మిగిలిందా నీకు?"

ఆ మాట వాడు గట్టిగా అనలేదు. గట్టిగా అని ఉంటే ఆమె తిరిగి తిట్టేది, ఇద్దరూ అరుచుకునేవారు, ఏడ్చుకునేవారు, ఏదో ఒకటి తేలేది. వాడు ముడి వేస్తూ, మామూలుగా అన్నాడు.

మరదలు వచ్చి చేతులు పట్టుకుంది. "కొన్నాళ్లు వదిలేయండి వదినా. ఆయనే వస్తారు." మేనకోడలు లారీ ముందుసీట్లోంచి "అత్తా, నువ్వు వెనక వస్తావా?" అని అడిగింది. "వస్తా తల్లీ, నువ్వు పద" అంది ఆమె.

కొన్నాళ్లు అనుకున్నవి ఏళ్లయ్యాయి. మరదలు భర్త లేనప్పుడు ఫోను చేసేది. పాపకు పళ్లూడాయని, పాప సైకిలు తొక్కుతోందని చెప్పేది. "వాడు నన్నేమైనా..." అని ఆమె మొదలుపెడితే, "లేదు వదినా" అనేది. ఆమె కొన్నాళ్లకు అడగడం మానేసింది. ఆఫీసుకు మాత్రం ఒక్కరోజూ మానలేదు. చెట్ల షీటు ఇప్పటికీ కట్టలో మొదటిదే. దాని కింద రాసే సూచనల్లో ఒక వాక్యం చేర్చింది: బండ తగిలితే పని ఆపి, ఎంత చిన్న విషయమైనా ఫోను చేయండి.

ఆ మధ్య ఒక గ్రంథాలయం పని మొదలైంది. పాత మామిడి చెట్లను ఉంచి కట్టాలి. కంచెల కొలతలు చూపించడానికి సైటుకు వెళితే, కాంట్రాక్టరు తరఫున వచ్చిన మనిషి దారం, మేకులు పట్టుకుని నిలబడి ఉన్నాడు. చెంపల దగ్గర జుట్టు నెరిసింది. ఎండకు నల్లబడ్డాడు.

"నమస్తే మేడమ్" అన్నాడు తమ్ముడు.

పక్కన నలుగురున్నారు కాబట్టి అలా అన్నాడేమో అనుకుంది. వాళ్లు అటు వెళ్లాక కూడా వాడు డ్రాయింగు మీదే కళ్లు పెట్టుకున్నాడు.

"ఇటువైపు కొమ్మ ఒకటి బయటికి వచ్చింది మేడమ్. కంచె డ్రాయింగులో కంటే అవతలికి వేయిస్తున్నాను. మీకు అభ్యంతరం లేదు కదా?"

"లేదు" అంది. కాసేపటికి, "అన్నం తిన్నావా?" అని అడిగింది.

వాడి చేతిలో దారం బిగిసింది. ఒక్క క్షణం ఏదో అనబోయినట్టే అనిపించింది. తర్వాత వంగి మేకు మీద సుత్తితో కొట్టి, "పనివాళ్లు ఎదురుచూస్తున్నారు మేడమ్" అని లేచాడు.

ఆ పని పూర్తయ్యేదాకా ఆమె వారం వారం వెళ్లింది. కంచె ఎక్కడా కదలలేదు. లోపల ఒక్క ఇటుక కూడా పడలేదు. ఇంత నికార్సుగా పని చేసినవాణ్ణి తన సర్వీసులో చూడలేదని ఆఫీసులో చెప్పింది. ఎవరని అడిగితే కాంట్రాక్టరు మనిషి అంది. పని అప్పజెప్పిన రోజు వాడు కాగితాల మీద సంతకాలు తీసుకుని, చేతులు జోడించి, బండెక్కి వెళ్లిపోయాడు. ఆమె గేటు దగ్గర నిలబడి ఉంది. ఆటో అబ్బాయి వచ్చి ఎక్కడికమ్మా అని అడిగాడు. ఆమెకు వెంటనే ఇంటి వీధి పేరు గుర్తు రాలేదు.