వీపు కొలత

కొలతకు నిలబడ్డవాళ్ల మెడ వెనకకే ముందు వెళ్లేది దర్జీ వేలు. తల కాస్త వంచమనేవాడు. అక్కడ బొడిపెలా తేలిన ఎముక మీద టేపు చివర ఆనించి నడుము దాకా దింపేవాడు. "ఈ ఎముక అబద్ధమాడదు. మనుషులే, పొట్ట లోపలికి పీల్చి ఆడతారు" అని నవ్వించేవాడు.

భార్యకు మాత్రం టేపు పెట్టింది లేదు. పెళ్లయిన కొత్తలో గీసుకున్న అట్ట నమూనా గోడమేకుకు వేలాడుతుండేది. దాన్నిబట్టే ఆమె జాకెట్లు కత్తిరించేవాడు. ఒక ఏడు ఆమె జాకెట్టు వెనక పైకి లేచింది. ముందు ముడతలు పడ్డాయి.

"ఊరందరికీ చక్కగా కుడతారు. నాకొచ్చేసరికి మీ కత్తెరకి కునుకొస్తుంది కాబోలు" అంది ఆమె, గుండీలు కుట్టుకుంటూ.

"కత్తెరనేం అనకే. గుడ్డ ముడుచుకుంది."

మరుసటిసారి వెనక కాస్త పెంచాడు, ముందు కాస్త తగ్గించాడు. సరిపోయింది. కొన్నాళ్లకు మళ్లీ లేచింది. మళ్లీ పెంచాడు. పొద్దున్నే ఆమె నడుము కర్రలా బిగుసుకుని, పనిలో పడ్డాక సడలేది. వంగి కుట్టేవాళ్లకు నడుంనొప్పి ఉండదా అనుకున్నారు ఇద్దరూ. అట్టకు అతుకు మీద అతుకు పడింది. జాకెట్టు మాత్రం ఎప్పుడూ ఒంటికి అతికినట్టే ఉండేది. అందుకే వీపు వంగుతోందని ఎవరికీ తట్టలేదు, ఆయనకు అసలే తట్టలేదు.

చివరికి ఒకరోజు రోడ్డు దాటబోతూ పక్కకు తల తిప్పి చూడలేక ఆమె ఎవరిదో సైకిలు కింద పడబోయింది. అప్పుడు వెళ్లారు ఆసుపత్రికి.

డాక్టరమ్మ కొక్కేనికి వేలాడే ప్లాస్టిక్ వెన్నును బల్ల మీదికి తెచ్చింది. "ఇది ఒక్క ఎముక కాదండీ. దిమ్మల్లా ఇవన్నీ ఎముకలు, మధ్యలో మెత్తలు. మెత్తలుండే కీళ్లు నొక్కుకుంటూ అన్ని వైపులా కొంచెం కొంచెం వాలతాయి. వెనక జంటగా ఈ చిన్న కీళ్లున్నాయే, ఇవి ఒకదాని మీద ఒకటి జారతాయి. నడుములోవి ముందుకీ వెనక్కీ వంగనిస్తాయి, మెలి తిరగనివ్వవు. మెలి తిరిగేది పైభాగం. అట్టడుగున తుంటితో కలిసేవి కదిలీ కదలనట్టుంటాయి. ఈవిడకొచ్చిన జబ్బు మామూలుగా అక్కడే మొదలై పైకి పాకుతుంది. కీళ్లు వాచి వాచి, ఎముకగా మారి అతుక్కుపోతాయి."

"మరి మెడ?" అన్నాడు దర్జీ.

"తల కింద మొదటి కీలు ఊ అని ఊపడానికి. దాని కిందిది, మేకు చుట్టూ ఉంగరంలా, అటూ ఇటూ తిప్పడానికి. ఈవిడకి తిప్పేది బిగిసిపోయింది. ఊపేది మిగిలింది."

"అతుక్కున్నవి విప్పలేమా, డాక్టరమ్మా?" జీవితమంతా కుట్లు విప్పినవాడు కదా, అలాగే అడిగాడు.

"లేదండీ. మిగిలినవాటిని మందులతో, వ్యాయామంతో కాపాడుకోవాలి. ముందే వచ్చుంటే..." అని డాక్టరమ్మ మాట మింగేసింది.

ఆ మింగిన మాట దర్జీ గొంతులో ముల్లై కూర్చుంది. ఇంటికొచ్చి అట్టను మేకు మీంచి తీశాడు. ఎన్ని అతుకులో! వీపు వంగిన కొద్దీ గుడ్డను సరిచేస్తూ వచ్చాడు గాని, గుడ్డ ఎందుకు తప్పుతోందని ఒక్కసారైనా అడగలేదు. ఆయనకు అన్నం సయించడం మానేసింది. ఆమె మామూలుగానే ఉంది. అదే ఆయనకు మరీ భరించరానిదైంది.

ఒక మధ్యాహ్నం ఆమె బల్ల దగ్గర నిలబడి అంచుకు గుండుసూదులు గుచ్చుతోంది. నోట్లో మరో నాలుగు పట్టుకుని ఉంది. ఆయన మిషను ముందు కూర్చుని, తల ఎత్తకుండానే అడిగేశాడు.

"నా వల్లే ఇలా అయ్యావని... నామీద కోపముందా?"

తలెత్తి చూశాడు. నోటి నిండా సూదులు, తల అడ్డంగా తిరగదు. ఆమె బల్ల అంచు పట్టుకుని, పాదాలు జరుపుకుంటూ, మనిషి మొత్తంగా కుడివైపు తిరిగింది. మళ్లీ అలాగే ఎడమవైపు తిరిగింది. మళ్లీ కుడివైపు.

తర్వాత సూదులు అరచేతిలోకి తీసుకుని అంది: "అర్థమైందా? మళ్లీ అడక్కండి. తిరగలేక చస్తున్నాను."

ఆయన నవ్వబోయాడు. మిషను చక్రం మీద చెయ్యి వేశాడు గాని తిప్పలేకపోయాడు.