దేవదానం క్రేన్‌కు ఎంత సరిపోతాడు?

1975 జూన్‌లో పటాన్‌చెరు దగ్గరి ఒక యంత్రాల కర్మాగారంలో ప్లానింగ్ ఇంజనీరుగా చేరాను. మాది తెనాలి వైపు. చిట్కుల్‌లో కిరాయి గది తీసుకున్నాను. మూడు నెలలు తిరక్కుండానే ఎవరు తమ పనికి పనికొస్తారో తేల్చే ఫిట్‌నెస్ కమిటీ కార్యదర్శి పని కూడా నా నెత్తిన పడింది.

మొదటి కేసే దేవదానంది. షెడ్డు కట్టిన నాటి నుంచీ అందులో పైన పట్టాల మీద తిరిగే ఓవర్‌హెడ్ క్రేన్ నడిపిన మనిషి. కళ్ల పరీక్షలో చూపు అటూ ఇటూ కాకుండా తేలింది. కమిటీ 'అన్‌ఫిట్' అని రాస్తే ఉద్యోగం పోతుంది. ఇంట్లో నలుగురు పిల్లలు.

మా కమిటీల్లో పెద్ద హోదా ఆయన ముందు మాట్లాడేవారు, తక్కినవాళ్లు 'సార్ చెప్పిందే కరెక్టు' అనేవారు. నాకది ఒళ్లుమంట. అప్పుడప్పుడే చదివిన ఫజీ సెట్ల లెక్క పట్టుకొచ్చాను. కూరలో ఉప్పు సరిపోయిందా అంటే అవుననో కాదనో తేల్చకుండా 'కొంచెం తక్కువ' అంటాం కదా, అలాంటిదే. దేవదానం క్రేన్‌కు ఎంత సరిపోతాడో సభ్యులు నలుగురూ సున్నాకూ ఒకటికీ మధ్య ఒక అంకె చీటీ మీద రాయాలి, పక్కవాడికి చూపకూడదు. ప్రమాదమున్న పని కనుక అన్నిటిలోకీ తక్కువ అంకే కమిటీ మాట. అది సగం కన్నా తగ్గితే అన్‌ఫిట్. వర్క్స్ మేనేజరు నవ్వి సరేనన్నారు.

చీటీలు విప్పాను. 0.7, 0.6, 0.7. నాలుగోది 0.2. రాత చూడగానే తెలిసింది, ఆ షెడ్డులో పని చేయించే చార్జిమన్ మల్లయ్యది. దేవదానానికి ప్రాణస్నేహితుడు! పాత పగ ఏదో తీర్చుకుంటున్నాడనుకున్నాను. నేను పెట్టిన నియమమే ఒక మనిషి పొట్ట కొట్టబోతోంది.

ఫలితం చదవకుండా టీకి ఆపి, మల్లయ్యను వరండాలోకి పిలిచి కాస్త కటువుగానే అడిగాను. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మొన్న పొద్దుగూకినంక లోడు కింద నేనే ఉన్న సార్. నా సిగ్నల్ ఆయనకు కనబడలే. క్రేన్‌కు ఎంత పనికొస్తడని అడిగిండ్రు, గంతే రాసిన. ఇంక దేనికి పనికొస్తడో మీరు అడగనే లేదు."

సిగ్గేసింది. లోపలికి వెళ్లి 0.2 అని చదివాను. సంతకాలకు ముందు రెండో విడత చీటీలు పంచాను. ఈసారి ప్రశ్న, లోడు కట్టే ఇనుప తాళ్లను చేత్తో తడిమి, తెగబోయేవాటిని ఏరే పని గురించి. అన్నిటిలోకీ తక్కువ 0.8 వచ్చింది. మేనేజరు బదిలీ కాగితం మీద సంతకం పెట్టారు.

చీటీల గుట్టు నేను విప్పలేదు. మల్లయ్యే వెళ్లి దేవదానానికి చెప్పుకున్నాడు. దేవదానం వారం రోజులు అతని ముఖం చూడలేదట. ఆ తర్వాత తనే వచ్చి, "నువ్వు గాకపోతే నాకెవడు చెప్తడే" అన్నాడట.

లెక్క ఎంత మంచిదైనా అడిగిన ప్రశ్నకే జవాబిస్తుంది. ఆ తర్వాత నా సర్వీసంతా, అందరికంటే తక్కువ అంకె వేసినవాణ్ణి అనుమానించే ముందు, ఆ మనిషికి తెలిసి నాకు తెలియనిది ఏమిటని అడుగుతూ వచ్చాను.