పలకరాయి మీద పోసిన నీళ్లు

మొన్న మా మనవడు మార్కాపురంలో కొత్తగా పెట్టిన దుకాణం చూపిస్తూ, బట్టల మీద బొమ్మలు అచ్చువేసే చట్రాన్ని ప్లాస్టిక్ తొట్టిలో నిలబెట్టి పైపుతో ధారాళంగా నీళ్లు కొట్టి కడుగుతుంటే, నాకు ముచ్చట కన్నా ముందు గుండె కలుక్కుమంది.

మనం మద్రాసు రాజధాని కింద ఉన్న రోజుల్లో, ఇదే ఊళ్లో, మా ఆయన పెరట్లో ఇటువంటి తొట్టినే స్వయంగా కట్టారు. ఆ విద్య మద్రాసులో సినిమా బొమ్మలు అచ్చువేసేవారి దగ్గర నేర్చుకొచ్చారు. చట్రానికి బిగించిన పట్టుగుడ్డకు మందు కలిపిన జిగురు పూసి, అక్షరాలు రాసిన కాగితం అడ్డం పెట్టి ఎండ చూపిస్తే, అక్షరాల చోట తప్ప తక్కినదంతా గట్టిపడుతుంది. వెంటనే కడిగితే అక్షరాలు తేలతాయి. గనిలో పారేసిన నిలువెత్తు పలకరాయిని ప్రహరీకి ఆనించి, కింద సున్నంతో తొట్టి కట్టి, పైన కిరసనాయిలు డబ్బాకు చిల్లులు పొడిచి వేలాడదీసి, నీళ్లు వీధిలోకి పోయేందుకు గోడకు తూము పెట్టారు. జాతరలో దున్నపోతును నరకవద్దని ఊరంతా కాగితాలు అంటించాలని మా పట్టుదల.

తొట్టి కట్టాం గానీ నీళ్లేవి? వీధికంతా ఒకటే బావి, అదీ అడుగంటింది. మా అత్త బిందె ముట్టనిచ్చేది కాదు. "తాగేదానికి లేక అల్లాడ్తా ఉంటే నీ గుడ్డకు తానాలేంది నాయనా?" అని కొడుకును గదమాయించేది. ఎదురింటి పిన్నమ్మ నన్ను చూడగానే కడవ పైట చాటుకు తీసుకునేది. కూడబెట్టిన కాసిని నీళ్లతో మొదలుపెడితే, 'బలి' తేటగా తేలింది, 'వద్దు' జిగురులో ఉండగానే డబ్బా ఖాళీ అయింది.

జిగురు కంటికి ఆనాలని అందులో ఎర్రరంగు కలిపాం. ఆ నీళ్లు తూములోంచి వీధిలోకి పారాయి. కాసేపటికే తూము ముందు పసుపు కుంకుమలు, అమ్మవారు బలి అడుగుతూ నెత్తురు కక్కిందని వీధి నిండా జనం. మా ఆయన రంగు సీసా పట్టుకుని పరుగెత్తారు.

"ఇది రంగు పిన్నమ్మా! మేం కలిపిన రంగు!"

పిన్నమ్మ నవ్వింది. "రంగే నాయనా, కాదన్నదెవురు? బజారులో ఇన్ని రంగులుండంగ నీ చేత ఎర్రదే పోయించిందెవురు?"

సభల్లో శాస్త్రుల నోరు మూయించిన మనిషి సీసాకు మూత బిగించుకుని ఇంట్లోకి వచ్చేశారు.

ఆ పూటే నీళ్లు వచ్చాయి. బిందెలు, కడవలు, ముంతలు. ఒకరి వెంట ఒకరు పెరట్లోకి వచ్చి, అమ్మవారు వెలిసింది ఇక్కడేనని పలకరాయి మీద కుమ్మరించారు. మా అత్త తాగే నీళ్లు కూడా తెచ్చి పోసింది. ఆ ధార కింద చట్రం పెట్టబోతే మైలగుడ్డ అని లాగిపారేశారు. 'వద్దు' జిగురులోనే ఎండి బిగుసుకుపోయింది. ఆ ఏడు దున్నపోతును మొదట మా తూము దగ్గరే నిలిపి, పసుపునీళ్లు చల్లి, తర్వాత గుడికి తోలుకుపోయారు.

మా ఆయన పోయేదాకా పిన్నమ్మకు జవాబులు వెతుకుతూనే ఉన్నారు. అన్నం ముందు కూర్చుని, ఇట్లా అనివుంటే బాగుండేదని చెప్పి, అదీ నచ్చక తల అడ్డంగా ఊపేవారు. మూఢనమ్మకాన్ని నేను ఈనాటికీ క్షమించలేదు, కానీ ఆ రాతి మీద కారిపోయిన నీళ్లు తలుచుకుంటే కోపం కన్నా దిగులే ముందొస్తుంది. ఇప్పుడు మనవడి తొట్టికి నీళ్ల కొదవ లేదు, ఎన్ని రంగులు కావాలన్నా దొరుకుతాయి, జాతరలో బలీ ఆగలేదు. వద్దనేవాళ్లు లేరు, ఎదురు నిలిచి అడిగే పిన్నమ్మా లేదు. ఆ వీధిలో ఇప్పుడు ఎవరికీ ఎవరితోనూ పేచీ లేదు.