అరవైనాలుగో రేకు

కన్నడ సీమలోని చింతామణి ఊళ్ళో మేష్ట్రు శ్రీనివాసప్ప ఇంట మూడు ఇనుప పెట్టెలు ఉండేవి. వాటిలో బట్టలు లేవు, పాత్రలు లేవు. ముప్పైయొక్క సంవత్సరాలు తాలూకాలోని బడులలో పాఠాలు చెప్పి ఉద్యోగం విరమించిన ఆ పెద్దమనిషి, తన చేతికందిన ప్రతి కాగితాన్నీ వాటిలో దాచాడు. బదిలీ హుకుములు, గౌరిబిదనూరు స్టేషనులో ఎవరూ అడగక మిగిలిపోయిన రైలు టిక్కెట్టు, దగ్గుమందు సీసా మీది చీటీ, తాను ఎవరికి ఏ ఉత్తరం రాసినా దాని నకలు, అన్నీ సంవత్సరాల వారీగా దారంతో కట్టి ఉండేవి. నకలు ఉంచుకోని ఉత్తరం గాలికి విసిరిన ఊకతో సమానమని ఆయన సిద్ధాంతం.

"మా పెండ్లికి గూడా నకలు తీసి పెట్టినాడేమో, అడగాల," అని ఆయన భార్య లక్ష్మీదేవమ్మ ఇరుగుపొరుగుతో అంటూ ఉండేది.

అటువంటి ఇంటికి 1958 శ్రావణమాసంలో ఒక నోటీసు వచ్చింది. వీధులు కొలిచే కచేరి పంపిన ఆ కన్నడ కాగితం సారాంశం ఇది: వీధివైపుకు పొడుచుకువచ్చిన కట్టడాలు 1950 జనవరికి పూర్వం నుంచి ఉన్నట్లయితే ఉండవచ్చు, ఆ తరువాత అమర్చినవైతే తీసివేయాలి, ఏది ఎప్పటిదో పదిహేను దినాలలో ఇంటి యజమాని రుజువు చూపాలి. కింద పట్టికలో ఓవర్‌సీరు మునినారాయణ ముత్యాల్లాంటి అక్షరాలతో ఒక్క వరుస రాశాడు: "చూరు కింద ఇతర అలంకారములు."

శ్రీనివాసప్ప ఆ వరుసను మూడుసార్లు చదివాడు. మూడోసారికి చెవులు ఎర్రబడ్డాయి.

"ఇతర! విన్నావా, ఇతర అంట! గుమ్మడికాయకు పేరుండాది, గుమ్మడితీగెకు పేరుండాది. నా ఇంటి చూరు మాత్రం ఇతర!"

"సరే, దాని పేరేమి?" అంది లక్ష్మీదేవమ్మ, చేటలో రాగులు చెరుగుతూ.

ఆయన తలెత్తి చూశాడు. వసారా మీద వాలిన మంగళూరు పెంకుల అంచుకు పొడవునా ఒక టేకు పలక. పలక కింద తమలపాకులు తలకిందులుగా వేలాడుతున్నట్లు వరుసగా కొయ్య ఆకులు. రెండు మూలల్లో రెండు పొడవాటి గుండ్రని కొయ్యలు. పలకను మోస్తూ స్తంభాల నుంచి ముందుకు వంగిన పక్షుల వంటి ఆకారాలు. పైన కప్పు కొసన చిన్న కలశం వంటిది ఒకటి. కలశం తప్ప మరొక దాని పేరు ఆయనకు తోచలేదు. అమరకోశం కంఠస్థమైన మనిషికి తన నెత్తి మీది కొయ్య పేరు తెలియకపోవడం ఆ క్షణంలో నోటీసు కంటే ఎక్కువ అవమానంగా అనిపించింది. అందుచేత ఆయన మరింత గట్టిగా కోప్పడ్డాడు.

మూడు పెట్టెలూ వసారాలోకి వచ్చాయి. ఇల్లు కట్టిన 1948 నాటి కట్ట విప్పితే ఇటుకకు కాగితం ఉంది, సున్నానికి ఉంది, పెంకులు తెచ్చిన బండికి ఉంది. చూరుకు మాత్రం లేదు. ఉండదు కూడా. ఆ పని చేసినవాడు బట్లహళ్ళి వడ్రంగి ఈరప్ప. శ్రీనివాసప్ప అక్కడి బడిలో పనిచేసిన రోజుల్లో సాయంకాలాలు అతని పనిచోట కూర్చుని పురాణం చదివి వినిపించేవాడు. ఆ స్నేహానికి గుర్తుగా ఈరప్ప తన ఇష్టంతో ఆ చూరు చేసి తెచ్చి బిగించి పోయాడు. కాగితం అడిగితే, "పలకే కాగితం, చదువుకో మేష్ట్రప్పా," అని నవ్వాడు.

1949 కట్టలో మాత్రం నాలుగు నకళ్ళు దొరికాయి. నాలుగూ ఆయనే ఈరప్పకు రాసిన కార్డుల నకళ్ళు. "మీరు బిగించిన చూరులో అరవైమూడు ఆకులే ఉన్నవి. ఈశాన్యపు కొసన అరవైనాలుగవదాని చోట రెండు రంధ్రములు మాత్రమే కనిపించుచున్నవి. పని అరకొరగా వదలుట శిల్పికి తగదు. వెంటనే వచ్చి పూర్తి చేయవలెను." తరువాతి మూడింటిలో మర్యాద క్రమంగా తగ్గింది. బజారులో నలుగురూ చదివి ఈరప్ప సిగ్గుపడాలని ఆయన బుద్ధిపూర్వకంగా కవరు మాని కార్డు వాడాడు. ఈరప్ప నుంచి జవాబుగా ఒక్క నోటిమాట వచ్చింది: "ఆ చోటు అట్లే ఉండనీ." దానిని పొగరుగా లెక్కగట్టి, 1951లో శ్రీనివాసప్ప ఊళ్ళోని మరో వడ్రంగిని పిలిచి ఆ ఆకు పెట్టించేశాడు. ఆ సంగతి తెలిసిననాటి నుంచి ఈరప్ప ఆ వీధిలో అడుగు పెట్టలేదు. సంతకు వచ్చినా చుట్టు తిరిగి పోయేవాడు. ఎందుకంత కోపమో మేష్ట్రుకు అర్థం కాలేదు. తప్పు చేసినవాడు అలగడం లోకధర్మానికి విరుద్ధమని ఏడేళ్ళుగా ఆయన అభిప్రాయం.

నకళ్ళు చూపడానికి కచేరికి వెళితే మునినారాయణ మర్యాదగా లేచి కుర్చీ వేశాడు. గౌరిబిదనూరు కుర్రాడు, నెమ్మదస్తుడు.

"మేష్ట్రే, ఇది మీరు రాసిందే కదా? నిన్న రాసింది కాదని రుజువేమని మా సాహేబరు అడిగితే నేనేమి చెప్పేది? పోస్టు ముద్ర ఉండే అసలు కార్డు తెండి. మళ్ళీ పట్టికలో ఒక్కోదానికి పేరు గూడా రాయాల. నాకు తెలీక 'ఇతర' అని రాసినా."

"తెలీకుంటే అడగాల!"

"సరే, అడుగుతాండా. చెప్పండి, రాసుకుంటా."

శ్రీనివాసప్ప దగ్గాడు. "రేపొచ్చి చెప్తా," అని గొడుగు తీసుకుని బయటపడ్డాడు.

ఆ చూరు పోతే ఇల్లు బోడితల అవుతుంది. అది నిలవాలంటే, నాలుగు కార్డులతో తాను తిట్టిన మనిషి ఆ తిట్లను దాచి ఉండాలి. తిట్టిన ఉత్తరాన్ని ఎవడు దాచుకుంటాడు? తానైతే దాచేవాడు. లోకంలో అందరికీ అంత క్రమశిక్షణ ఎక్కడిది?

మర్నాడు ఉదయపు బస్సులో ఆయన బట్లహళ్ళి చేరాడు. ఈరప్ప పందిరి కింద చిత్రిక పడుతున్నాడు. తల ఎత్తలేదు. అతని భార్య హనుమక్క మాత్రం చీపురు పక్కన పెట్టి నవ్వింది.

"రాండప్పా మేష్ట్రప్పా! ఇన్నేండ్లకు దారి తెల్సిందా? మజ్జిగ తెస్తా, కూచోండి."

"కార్డు రాసుంటే సరిపోయేది గదా," అన్నాడు ఈరప్ప కొయ్యతో మాట్లాడుతున్నట్లు. "యాల బస్సెక్కినావు?"

శ్రీనివాసప్ప మజ్జిగ తాగి, నోటీసు తీసి చదివి, తెలుగులో అర్థం చెప్పాడు. కోపం తగ్గించి చెప్పాలని బయలుదేరిన మనిషి, "ఇతర" దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ లేచి నిలబడ్డాడు. అప్పుడు ఈరప్ప మొదటిసారి చిత్రిక ఆపాడు.

"ఇతర అన్నాడా? నా పనిని?"

"అన్నాడప్పా! రాసినాడు గూడా!"

"నువ్వు పేర్లు చెప్పల్యా?"

మేష్ట్రు నోటీసు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"పదేండ్లు దాని కిందనే కూచోని పేపరు చదువుతాండావు. పేరు తెలీదా?" ఈరప్ప ఉలి పక్కన పెట్టి లేచాడు. "రా."

అతడు మేష్ట్రును వెంటబెట్టుకుని వీధి పొడవునా నడిచాడు. ప్రతి ఇంటి ముందూ ఆగి, కొలబద్దతో చూపించాడు. పెంకుల కొసను కాచే ఈ పొడవాటి పలక చూరుపలక. కింద వేలాడేవి ఆకులు కావు, రేకులు. తామరరేకు గీసి చెక్కుతారు, వానకు వంగి తమలపాకు అనిపిస్తుంది. మూలల్లోవి మొగ్గలు. వాన నీళ్ళు స్తంభం మీదికి పోకుండా మొగ్గ కొస నుంచి జారి వీధిలో పడాలి, అందుకే అవి అంత పొడుగు. పలకను మోసేవి చిలకలు, ముక్కు ఎప్పుడూ ఇంటివైపు తిరగకూడదు. శ్రీనివాసప్ప నోటుపుస్తకం తీసి బడిపిల్లవాడిలా రాసుకున్నాడు. ఒక ఇంటి ముందు ముందుగానే, "ఇది మొగ్గ," అని చెప్పి, ఈరప్ప తల ఊపితే కొండెక్కినంత సంబరపడ్డాడు.

నాలుగో ఇంటి దగ్గర ఆయన ఆగిపోయాడు. వరుస చివర ఒక రేకు లేదు. రెండు రంధ్రాలే ఉన్నాయి. వెనక్కి వెళ్ళి మూడో ఇల్లు చూశాడు. అక్కడా లేదు. రెండో ఇల్లు, మొదటి ఇల్లు, అన్నిటా ఈశాన్యపు కొసన ఒక ఖాళీ, రెండు రంధ్రాలు.

"ఈరప్పా, ఇదేమి?"

"మా గురువు పద్ధతి. ఇంట్లో పని అంతా ముగిస్తే ఆ ఇంటికి మాకు పొత్తు ముగిసినట్ల. అందుకే ఒక రేకు చోటు విడిచి, కొయ్య చీలలకు రంధ్రాలు కొట్టి పెడతాం. ఇంగా ఈ ఇంట్లో పనుండాది, గది పెరుగుతాది, బిడ్డను ఊపేకి తొట్టి కావాల, నేను మళ్ళీ వస్తా అని. ఈ పక్కన చంటిబిడ్డకు గూడా తెల్సు. వేరేవాని చేత ఆ చోటు పూడిస్తే, నువ్వు ఇంగ రావద్దు అని చెప్పినట్ల."

శ్రీనివాసప్ప వీధి మధ్య నిలబడ్డాడు. ముప్పైయొక్క సంవత్సరాలు పిల్లల లెక్కల్లో తప్పులు దిద్దిన చెయ్యి అది. దిద్దకూడనిది ఒకటి ఉంటుందని ఆ చేతికి ఎవరూ చెప్పలేదు. తాను అడగలేదు.

"చెప్పుంటే తెల్సేది గదా ఈరప్పా," అన్నాడు నెమ్మదిగా.

"నాలుగు కార్డుల్లో ఒక్కదాంట్లోనైనా 'యాల విడిచినావు' అని అడిగుంటే చెప్పేవాణ్ణి. నువ్వు 'వచ్చి పూర్తి చెయ్యి' అనే రాసినావు."

మేష్ట్రు సంచిలోని నకళ్ళు తీసి చూశాడు. నాలుగింటిలోనూ అదే మాట ఉంది, అబద్ధమాడే వీలు లేదు. "తప్పు నాదే," అన్నాడు. ఆ మాట ఆయన పెట్టెల్లో ఏ కట్టలోనూ అంతవరకు లేదు.

కార్డుల సంగతి అడిగితే హనుమక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "మూడు పొయ్యిలోకి పోయినాయప్పా. ఒకటే మిగిల్యా. అది మీకు పనికొస్తాదో లేదో."

ఈరప్ప లోపలి నుంచి పనిముట్ల సంచి తెచ్చి, అందులో నుంచి ఒక అట్టముక్క తీసి ఆయన అరచేతిలో పెట్టాడు. అది తామరరేకు ఆకారంలో కత్తిరించిన పోస్టుకార్డు. అంచులు చేతుల జిడ్డుతో నల్లబడ్డాయి. వెడల్పైన భుజం మీద పోస్టు ముద్ర నిండుగా నిలిచింది: 1949 ఏప్రిల్. వెనుక వైపు, "అరవైమూడు ఆకులే ఉన్నవి... ఈశాన్యపు కొసన" అన్న వరుసలు చెక్కుచెదరలేదు. "శిల్పికి తగదు" అన్నది మాత్రం కత్తెరకు పోయింది.

"అట్ట గట్టిగా ఉన్యా. నీ ఇంటి రేకులు గీసిన పాత అచ్చు అరిగిపోతే, దాని కొలతకే కత్తిరించి అచ్చు చేసుకున్నా," అన్నాడు ఈరప్ప. "బట్లహళ్ళిలో, కెంచార్లహళ్ళిలో నలభై ఇండ్ల చూర్లు నీ తిట్టు పెట్టి గీసినవే మేష్ట్రప్పా."

ఆ వీధిలో ఇద్దరు ముసలివాళ్ళు అంత గట్టిగా నవ్వడం చూసి ఎదురింటివాళ్ళు బయటికి వచ్చారు. అచ్చు ఇమ్మంటే మాత్రం ఈరప్ప ఒప్పుకోలేదు. అది తన పనిముట్టు. పనిముట్టు వెళ్ళే చోటికి తానూ వస్తాడు. "అయితే ఆ ఆకు ఉండేంతవరకూ నీ చూరు కిందికి రాను. వీధిలో నిలబడి చూస్తా."

తనిఖీ నాడు అలాగే జరిగింది. మునినారాయణ నిచ్చెన ఎక్కాడు. ఈరప్ప వీధి మధ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. లక్ష్మీదేవమ్మ పీట తెచ్చి అక్కడే వేసింది.

"ఎండలో కూచుంటావా అప్పా?"

"మీ ఇంట్లో నాకు పని లేదన్నారు గదమ్మా."

"నేననలేదు. పెట్టెలాయన అన్నాడు."

ఓవర్‌సీరు ముద్ర చూశాడు, వెనక వరుసలు చదివాడు, తరువాత అచ్చును ఒక రేకు మీద ఆనించాడు. గీత గీతకు సరిపోయింది. రెండోదానికీ అంతే. అతనికి ఉత్సాహం పుట్టి అరవైమూడింటికీ పెట్టి చూశాడు. అరవైనాలుగోదాని దగ్గర ఆగాడు.

"మేష్ట్రే, ఇది సరిపోలేదే. పొట్ట లావుగా ఉండాది. కొయ్య చీలలు లేవు, ఇనుప మొలలు ఉండాయి. కార్డులో గూడా అరవైమూడే అని మీరే రాసినారు. ఇది ఎప్పుడు పెట్టినారు?"

శ్రీనివాసప్ప ఛాతీ విరుచుకున్నాడు. "1951. రుజువుండాది. పెట్టించిన దినం ఈరప్పకు రాసి, పోస్టు చెయ్యకుండా పెట్టుకున్న కార్డు, తేదీతో సహా." కట్ట విప్పి అందించాడు. తనకు వ్యతిరేకంగా తానే అంత సంతోషంగా సాక్ష్యం ఇచ్చిన మనిషిని మునినారాయణ అంతకు ముందు చూడలేదు.

"అయితే రూలు ప్రకారం అరవైమూడు రేకులు, పలక, మొగ్గలు, చిలకలు, కలశం, అన్నీ ఉండొచ్చు. 1950 తర్వాతది ఇదొక్కటే. దీన్ని తీసెయ్యాల. ఈ దినమే."

"రాసివ్వు నాయనా," అన్నాడు శ్రీనివాసప్ప. "ముద్ర వేసి ఇవ్వు."

పట్టికలో "ఇతర" కొట్టివేయబడింది. వీధిలో నుంచి ఈరప్ప ఒక్కొక్క పేరే చెప్పగా, మేష్ట్రు పలుకు దిద్దగా, మునినారాయణ రాశాడు. గడి చాలక అదనపు కాగితం అంటించారు. హుకుము చేతికి రాగానే లక్ష్మీదేవమ్మ వీధిలోకి వెళ్ళింది.

"సర్కారు హుకుమే వచ్చింది. ఇప్పుడైనా ఈ ఇంట్లో పనుండాదా అప్పా, లేదా?"

ఈరప్ప పీట మీద నుంచి లేచి, చెప్పులు విడిచి, ఏడేళ్ళ తరువాత ఆ చూరు కిందికి వచ్చాడు. నిచ్చెన ఎక్కి రెండు ఇనుప మొలలూ లాగేశాడు. లావు రేకు కింద పడింది. చూరు కొసన మళ్ళీ ఆకాశం కనిపించింది. అతడు రంధ్రాల్లో వేలు పెట్టి చూసి, "బాగుండాయి," అన్నాడు. తరువాత దిగి వచ్చి వసారాలో అన్నం తిన్నాడు. పెరటి తలుపు కుంగిందని, వచ్చే నెల వచ్చి సరిచేస్తానని తానే చెప్పాడు.

ఆ సాయంకాలం శ్రీనివాసప్ప కింద పడిన రేకును తుడిచి, దాని మీద సిరాతో తేదీ వేసి, "అడగకుండా దిద్దినది" అని రాశాడు. 1951 కట్టలో పెట్టి దారం కట్టాడు. పెట్టె మూత పడలేదు.

"ఇంగొక పెట్టె కావాల, కొయ్యదైనా సరే," అన్నాడు భార్యతో.

"చేసేవాడు వచ్చే నెల వస్తాడు గదా," అంది లక్ష్మీదేవమ్మ. "మూత పూర్తిగా బిగించద్దని చెప్పండి."