మూడో గడి

ఆ వీధిలో అందరూ ఆవిణ్ణి టేపక్క అంటారు. మెడలో కొలతల టేపు లేకుండా ఆవిణ్ణి చూసినవాళ్ళు లేరు. ఇరవై ఏళ్ళుగా బట్టలు కుడుతోంది. మనిషి చెప్పేది సగమే నమ్ముతుంది, కుట్టు చెప్పేది మొత్తం నమ్ముతుంది.

ఆవిడ కూతురికి నాటకాల పిచ్చి. డిగ్రీ కూడా అందులోనే చేస్తానని భీష్మించుకు కూర్చుంది. దరఖాస్తులో మూడు కాలేజీలే రాయాలి. రాసిన రెండింటిలో సీటు గగనమే. ఇక దిక్కల్లా మూడో గడి. దానికి రేపే ఆఖరు. తల్లీకూతుళ్ళు ముందు అద్దాల గోడలున్న ఒక కాలేజీ చూడ్డానికి వెళ్ళారు.

"అద్దాల కాలేజీ రాసేస్తానమ్మా. ఆ స్టేజీ చూడు, కళ్ళు చెదిరిపోవట్లా?"

"స్టేజీ సరేనే. వేషాల బట్టలేవీ? చూపించమను."

కూతురు సిగ్గుతో చచ్చిపోయింది. అయినా కాలేజీవాళ్ళు చూపించారు. బీరువాల నిండా రాజుల కోట్లు, రాణుల గౌన్లు, ఇస్త్రీ మడత నలగకుండా ఉన్నాయి. టేపక్క మురిసిపోయింది. కానీ చెయ్యి ఊరుకోదుగా, ఒక కోటు లోపలికి తిప్పి చూసింది. తర్వాత ఇంకోటి, ఇంకోటి. మొహం ముడుచుకుంది.

"ఒక్కదానికీ చెమట మరక లేదే! విప్పి కుట్టిన కుట్టు లేదు. వీటిని ఎవరూ వేసుకోలేదు. మూడేళ్ళూ నిన్ను బెంచీ మీద కూర్చోబెడతారు, చూస్కో."

"అమ్మా, కోట్లు చూసి కాలేజీ ఎంచుకునేవాళ్ళు లోకంలో నువ్వొక్కదానివే!"

పోట్లాడుకుంటూనే బస్సెక్కి రెండోచోటికి వెళ్ళారు. ఒకప్పుడు గోడౌను, ఇప్పుడు కాలేజీ. బట్టల గది చూసుకునే పెద్దావిడ ఒక ట్రంకుపెట్టె తెరిచింది. పైనున్న కోటు లోపల, వేసుకున్నవాళ్ళ పేర్లు సిరాతో ఒకదాని కింద ఒకటి రాసి ఉన్నాయి. టేపక్క లెక్కపెట్టింది. తొమ్మిది.

"కుట్టినవాడి చేతులు విరగ్గొట్టాలి గానీ," అంది నవ్వుతూ, "తొమ్మిదిమంది ఎక్కారే దీంతో స్టేజీ!"

కూతురు కోటు తొడుక్కుంది. కోటు చేతులు ఆమె వేళ్ళు దాటి వేలాడాయి. అయినా అద్దం ముందు నిటారుగా నిలబడి గడ్డం పైకెత్తింది. ఈ పిల్ల నిజంగానే వెళ్ళిపోతోందని టేపక్కకు అప్పుడు తెలిసింది. గర్వంగానూ ఉంది, ఏడుపూ వచ్చింది.

కూతురు ట్రంకుపెట్టె మూత మీదే దరఖాస్తు పెట్టుకుని మూడో గడి నింపింది.

"ఆ వదులంతా కత్తిరించేస్తే సరిపోతుందేమో," అంది పెద్దావిడ.

"కత్తిరించడమా! తర్వాత వచ్చే పిల్ల లావుగా ఉంటేనో? సూదీ దారం ఇలా ఇవ్వండమ్మా."

వదులు గుడ్డంతా లోపలికి మడిచి, జాగ్రత్తగా కుట్టింది. సీటు ఇంకా రాలేదు. కొలత మాత్రం కూతురిదే.