మూడో అంకంలో పది మార్కులు

పాచి మావయ్య ఓడ అడుగున గీకుడు మొదలెడితే ఓడకి చక్కిలిగింతలు పుట్టి పది బారలు పక్కకి జరిగేదట. ఒకసారి తిమింగలం ఒకటి వచ్చి, "నాకూ కాస్త గీకి పెట్టు" అన్నట్టు వీపు చూపించి వరసలో నిలబడిందట. నమ్మకం కుదరనివాళ్లు రేవులో ఎవరినైనా అడగొచ్చు. అక్కడ ఇంతకంటే పెద్దవి చెబుతారు.

అక్కడ చెప్పనిది ఒకటుంది. ఇరవై ఎనిమిదేళ్లు నీళ్ల కింద ఓడల పాచి గీకి గీకి మావయ్య రెండు చెవులూ పోగొట్టుకున్నాడు. గట్టిగా అరిస్తేనే వినపడుతుంది. ఇక నీళ్లలోకి దిగొద్దని డాక్టరు తేల్చేశాడు. మిగిలింది పై మేస్త్రీ పని ఒక్కటే. పడవ మీద కూర్చుని, తాడు పట్టుకుని, కిందున్నవాళ్లని ఎక్కడ ఆపాలో ఎప్పుడు పైకి లాగాలో చూసుకునే పని. మావయ్య కళ్లు మూసుకుని చేయగలడు. కానీ కంపెనీ కొత్త రూలు పెట్టింది: పై మేస్త్రీ కావాలంటే చదువు పరీక్ష పాసవ్వాలి. వందకి నలభై. లేదంటే ఇంటికే.

పరీక్షకి పెట్టిన పాఠం ఏమిటనుకున్నారు? సముద్రం అడుగున నిధి వెతికే వీరుడి నాటకం! ఇందులో మావయ్య తప్పితే సముద్రం ఇంకిపోయినట్టేనని రేవంతా పడీ పడీ నవ్వింది.

కూతురు కుట్టుమిషను పక్కన పెట్టి పంతులమ్మ అవతారమెత్తింది. కొరుకుడు పడని మాటలన్నీ చీటీల మీద రాసి ఇల్లంతా అంటించింది. తలుపు మీద 'సాహసం', అద్దం మీద 'నిశ్శబ్దం', నీళ్ల డ్రమ్ము మీద 'అగాధం'.

"అగాధం అంటే ఏంటి నాన్నా?" అని చెవి దగ్గర అరిచింది.

"మన నీళ్ల డ్రమ్ము."

"నాన్నా!"

"అడుగు కనపడనంత లోతు. అక్కడ మన చెయ్యే మనకి కనపడదే తల్లీ! ఈ నాటకం రాసినాయనేమో నీలి కాంతి, ముత్యాల వెలుగు అంటాడు. ఎక్కడ మునిగాడు, బాత్రూంలోనా?"

"సముద్రం సంగతి నువ్వు మర్చిపో. పుస్తకంలో ఏముందో అది చెప్పు చాలు."

మూడు నెలలు తిరిగేసరికి అక్షరం అక్షరం మీద వేలు పెట్టి చదివే మనిషి వేలు తీసేసి చదివాడు. మూడో అంకం దగ్గర మాత్రం బండి ఆగింది. అందులో వీరుడు నిధిపెట్టె చంకన పెట్టుకుని, ఇరవై బారల లోతు నుంచి ఒక్క ఊపున పైకి దూసుకొస్తాడు. ఒడ్డున చప్పట్లే చప్పట్లు.

మావయ్య పుస్తకం మూసేశాడు. గోడవార మంచం మీద తమ్ముడున్నాడు, ఒకప్పుడు తనతోపాటే పాచి గీకినవాడు. పదకొండేళ్ల కిందట, ఓడ బయల్దేరే టైమైందని మేనేజరు తొందరపెడితే, మధ్యలో ఆగకుండా సరిగ్గా అలాగే పైకొచ్చాడు. అంత నీటి బరువు నుంచి ఒక్కసారిగా బయటపడితే నెత్తుట్లో బుడగలు లేస్తాయి. నడుము కింద మళ్లీ కదలిక లేదు.

"రాసెయ్యి అన్నయ్యా," అన్నాడు తమ్ముడు, గొంతు పెంచి. "వాణ్ణి వీరుడనే రాయి. నువ్వు రాయనంత మాత్రాన నా కాళ్లు లేచొస్తాయా ఏంటి? నన్నూ ఎవడైనా నాటకంలో పెట్టుంటే నాకూ చప్పట్లు పడేవి."

కూతురు పన్నెండు వాక్యాల జవాబు రాసిచ్చింది. మావయ్య రోజూ మంచం పక్కన కూర్చుని అప్పజెప్పేవాడు. తప్పు పోతే తమ్ముడే దిద్దేవాడు.

పరీక్షలో ఆఖరి ప్రశ్న అదే. 'వీరుడి ధైర్యాన్ని చాటే సంఘటనను వివరించండి. పది మార్కులు.'

ముప్పై నాలుగొచ్చాయి. ఆఖరి ప్రశ్నకి గుండు సున్నా. ఆఫీసులో పేపరు చూపించారు. మావయ్య జవాబు మూడే ముక్కలు: 'ఇది ధైర్యం కాదు. నాలుగు చోట్ల ఆగి రావాలి. వీడు పడవెక్కేలోపే పడిపోతాడు.' దిద్దినాయన ఎర్రసిరాతో 'పాఠంలో లేదు' అని రాశాడు.

పై మేస్త్రీ పని స్టోరు గుమాస్తాకి దక్కింది. మోకాలు దాటి ఏనాడూ తడవని మనిషి. ఆ ప్రశ్నకి రెండు పేజీలు నింపి పదికి పది కొట్టాడు. మొదటిరోజే తాడు పట్టుకుని, "ఎంతసేపయ్యా? తొందరగా రండి!" అని కేకేశాడు. మావయ్య గేటు కాపలా పనైనా ఇమ్మని అడిగాడు. చెవులు వినపడనివాడు ఏం కాపలా కాస్తాడని మేనేజరు నవ్వాడు.

రేవు ఊరుకుంటుందా? మావయ్య పేపరు పరపరా చింపి ఆ దిద్దినాయన మొహాన కొట్టాడనీ, ముక్కలు ఏరడానికి ఇద్దరు పోలీసులు రావాల్సొచ్చిందనీ కథ కట్టింది. ఎవరో చెవి దగ్గర అరిచి అది నిజమేనా అని అడిగితే మావయ్య అన్నది ఇంతే:

"ఏం చింపలేదు. ముందు పుస్తకంలో ఉన్నదే రాశాను, పన్నెండు వాక్యాలూ. తర్వాత కొట్టేశాను. మా తమ్ముడికి మాత్రం మర్చిపోయానని చెప్పాను."