మూడు చీటీలు, ఒక ఎర్ర ఫోర్కు

దేవుని పేరు చెప్పి సైకిల్ సామాను ఎంచుకున్నవాడు ఎవడైనా ఉన్నాడా అని మీరు అడిగితే, చెయ్యి ఎత్తవలసినవాణ్ని నేనొక్కణ్నే. ఎత్తిన ఆ చేతికి మోచెయ్యి దగ్గర ఇప్పటికీ మచ్చ ఉంది. ఆ వ్యవహారంలో తెల్లచొక్కా ఒకటి పోయింది. పరువు కూడా పోయింది గానీ, అంతకు ముందు ఎంత ఉండేదో నాకే సరిగా తెలియదు కాబట్టి దాన్ని వదిలేద్దాం.

నల్లమాడ పక్కన మా సంఘంలో నాకొక పని ఉంది. ఆదివారం ఆరాధన ముగిశాక, మా పాస్టరయ్యగారు ప్రార్థించి ఇచ్చిన ప్రభువు బల్లను, అంటే ఆయన చివరి విందు గుర్తుగా తీసుకునే రొట్టెనూ ద్రాక్షరసాన్నీ, వీపు సంచిలో పెట్టుకుని, గుట్టమీది పల్లెలో దిగి రాలేని ముసలివాళ్లకు అందించి రావాలి. దారి పొడుగునా గుండ్రాళ్లు. మోటారు సైకిళ్లు సగంలోనే దండం పెట్టేస్తాయి. అందుకని కొండలెక్కే సైకిలొకటి పాతది కొన్నాను. దానికి వెనక షాకప్సర్ ఉండదు, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కులో మాత్రమే ఉంటుంది.

ఆ ఫోర్కే చచ్చింది. నూనెంతా కారిపోయి, ఒకసారి కిందికి దిగితే మళ్లీ లేవడం మానేసింది. మోకాళ్ల ప్రార్థనలో నిద్రపోయిన మనిషిలా అట్లే ఉండిపోయేది. ఒక్కో రాయి తగిలినప్పుడల్లా దెబ్బ నేరుగా నా దవడకు వచ్చేది. నడిచి పోవచ్చు కదా అంటారేమో. మా మధ్యాహ్నపు ఎండలో ఒకసారి ఆ గుట్ట ఎక్కి రండి, తర్వాత మాట్లాడుకుందాం.

మూడు ఆదివారాలు పోలేకపోయాను. గుట్ట మీద సుందరమ్మవ్వ అని ఎనభై దాటిన మనిషి ఉంది. ప్రతి ఆదివారం ఉతికిన కోక కట్టుకుని, అరుగు మీద కూర్చుని దారి చూస్తోందని కబురు. "బల్ల తీసుకోకుండానే పోతానేమో నాయనా" అన్నదట. ఆ మాట విన్న సంఘం వెంటనే కొత్త ఫోర్కు కొనిస్తామన్నది.

నేను కదిరిలో సైకిళ్లు బాగుచేసే మస్తాన్ అన్న దగ్గరికి పోయాను. ఆయన టేపు తీసి, ఫోర్కు దూరే తల గొట్టం కొలిచాడు, చక్రం చూశాడు, బ్రేకు యాడ కూర్చుంటుందో చూశాడు. నేను మాత్రం గోడకు వేలాడుతున్న ఎర్ర ఫోర్కును చూస్తున్నాను. బెంగళూరు అబ్బాయెవరో తీయించి పారేసినది. కాళ్లు రెండూ పహిల్వాన్ పిక్కల్లా ఉన్నాయి. అట్లాంటి వాటితో మనుషులు కొండ అంచుల మీద నుంచి దూకే వీడియోలు నేను బోలెడు చూసి ఉన్నాను.

"అన్నా, అది కావాల నాకు."

"దాంతో యాడ్నుంచి దూకుతావప్పా? మీ చర్చి మెట్ల మీద నుంచా?"

తర్వాత ఓపికగా చెప్పాడు. నా సైకిల్ ఫోర్కు ఎనభై మిల్లీమీటర్లు దిగేది. వంద దాకా ఫ్రేము ఓర్చుకుంటుంది. ఎర్రది నూటయాభై. అది పెడితే ముందు భాగం పైకి లేస్తుంది, హ్యాండిల్ మాట వినదు, ఎక్కుడులో ముందు చక్రం నేల మీద నిలవదు.

"గొట్టం పడుతుంది, చక్రం పడుతుంది, బ్రేకు పడుతుంది కదన్నా?"

"పట్టేది వేరే, తగినది వేరే దాసూ."

ఇంత తెలివైన మాటకు జవాబు ఉండదు. నా దగ్గర జవాబు లేనప్పుడు నాకు భక్తి ఎక్కువవుతుంది. ఆ గురువారం పొద్దు వాలాక గుట్ట మీద అవ్వ ఇంట్లో ప్రార్థన కూడిక. ఎండ లేదు కాబట్టి అందరం నడిచే ఎక్కాం, బల్ల ఇచ్చేది మాత్రం ఆదివారమే. అక్కడ లేచి నిలబడి, ఎనభై, వంద, ఎర్రది, మూడు దారులున్నాయనీ, ఇది మనుషులు తేల్చేది కాదనీ, పూర్వం శిష్యులు కూడా చీటీలు వేశారనీ గంభీరంగా చెప్పాను. నా చేతిరాత బాగుంటుంది కాబట్టి చీటీలు నేనే రాశాను. స్టీలు గ్లాసులో వేసి కదిలించాను. పెద్దమనిషని అవ్వతో తీయించాను. ఎర్రది వచ్చింది. ఇల్లంతా ఆమెన్ అన్నది. అందరికంటే గట్టిగా నేనే అన్నాను.

శనివారం మస్తాన్ అన్నకు దేవుని తీర్పు వినిపించాను. ఆయన టేపు చుట్టి పక్కన పెట్టాడు.

"దేవుడే చెప్పినాడంటే నేనేం చెప్పేది? ఆయన నీ ఫ్రేము చూసే చెప్పినాడా అని ఒక్క మాట అడగకపోయినావా?"

బిగించాక సైకిల్, వెనక కాళ్ల మీద లేచి తుమ్మకాయల కోసం మెడ చాచిన మేకలా నిలబడింది. సీటు వెనక్కి వాలింది. హ్యాండిల్ నా రొమ్ముకు ఎదురుగా వచ్చింది. ఊళ్లోవాళ్లు దారి ఇచ్చారు. అది గౌరవమనే అనుకున్నాను.

ఆదివారం సగం గుట్ట దాకా ఎట్లో ఎక్కాను. పల్లె కనపడే చివరి ఎక్కుడులో బలంగా తొక్కాను. ముందు చక్రం నేల వదిలింది. ఆకాశం కనపడింది, తర్వాత నా చెప్పులు కనపడ్డాయి, తర్వాత నేను రాళ్ల మీద వెల్లకిలా, నా మీద సైకిల్. సంచిలో సీసా మూత ఊడి ద్రాక్షరసం చాలావరకు చొక్కాలోకి దిగింది.

జనం పరిగెత్తుకొచ్చి వీపంతా ఎర్రగా ఉండటం చూసి నెత్తీ నోరూ కొట్టుకున్నారు. అది రక్తం కాదని చెప్పడానికి నాకు ఊపిరి అందలేదు. వాసన చూసి వాళ్లే తెలుసుకున్నారు. నిజంగా గీసుకుపోయింది మోచెయ్యి ఒక్కటే. అవ్వ అరుగు మీదికి మోసుకుపోయి కూర్చోబెట్టారు. రొట్టె ఉన్న స్టీలు డబ్బీ భద్రంగా ఉంది. తీసి అవ్వకు అందించబోయాను. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఆ చీటీ తీసింది ఈ చెయ్యే కదా నాయనా. నీ ప్రాణం మీదికి తెచ్చినాది. ఈ చేత్తో నేను రొట్టె ముట్టను."

మూడు వారాలు దారి చూసిన మనిషి. నచ్చజెప్పాను. వినలేదు. లోపలికి పోయి ఆ స్టీలు గ్లాసు తెచ్చింది. దేవుని చీటీలని పారేయకుండా దాచిందట. "నాకు చదువు రాదు. మిగిలిన రెండూ చదువు. వాట్లో ఉన్నదే ఒకటి తెప్పిద్దాము" అన్నది.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. చెప్పకుండా ఇంతదూరం లాక్కొచ్చినందుకు క్షమించండి. నేను చీటీలు విప్పాను. అబద్ధం ఆడటానికి నోరు తెరిచాను కూడా. అవ్వ ఒళ్లో పెట్టుకున్న ఆ చేతిని చూశాక మాట మారింది.

"మూడింట్లోనూ ఎర్రదే రాసినానవ్వా."

అవ్వ ఒళ్లోని చేతిని తిప్పి చూసుకుంది.

"అంటే, నేను యాది తీసినా ఎర్రదే వస్తాండె."

"అవునవ్వా."

"అట్లయితే నా చెయ్యి మంచిదే" అన్నది. "ముందు నువ్వు మోకాళ్లేసి ఒప్పుకో. తర్వాత రొట్టె ఇయ్యి."

మోకాళ్లేశాను. ఉన్నదంతా ఒప్పుకున్నాను. దెబ్బలకు మళ్లీ లేవలేకపోతే ఇద్దరు చంకల్లో చేతులు వేసి లేపారు. నా పాత ఫోర్కు మీద అప్పుడు నాకు జాలి కలిగింది. సీసా అడుగున మిగిలిన రసం అందరికీ నాలుక తడిసేంత వచ్చింది. అవ్వ కళ్లు మూసుకుని తీసుకుంది.

మరుసటి వారం మస్తాన్ అన్న వందది బిగించాడు. ముందుగా టేపే తీశాడు. అప్పుడు గుర్తొచ్చింది నాకు, జలప్రళయానికి ముందు ఓడ కట్టమన్నప్పుడు దేవుడు పొడవూ వెడల్పూ ఎత్తూ మూరలతో సహా చెప్పాడు గానీ చీటీ వేసుకోమనలేదు.

ఒట్టు పెట్టుకోకూడదని వాక్యం. అందుకని ఇది ఒట్టు కాదు, సంఘం ఎదుటా మీ ఎదుటా ఇస్తున్న మాట: నా కోరిక కింద దేవుని సంతకం ఇకమీదట నేను పెట్టను. ఫోర్కుకైనా, చొక్కాకైనా, టేపు పెట్టి కొలిచాకే ప్రార్థిస్తాను. మాట తప్పుతానన్న భయం లేదు. ఆదివారం గుట్టెక్కి పోయినప్పుడల్లా అవ్వ నాకు ఆ స్టీలు గ్లాసులోనే టీ పోసిస్తుంది. ఇచ్చేముందు ఒకసారి లోపలికి తొంగిచూసి, "చీటీలేమీ లేవులే, తాగు" అంటుంది.